వేలెడు ఎత్తు ఎక్కువైన కూలర్

మా వైపు కూలర్ అంటే ఎండాకాలంలో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టుకునేది. కూలర్ కొనాలని నేనంటే మా అత్త కూడా అదే అనుకుని, "హాల్లో పెట్టు, నా మంచానికి గాలి తగలాల" అంది. నేను కొనాల్సింది కంప్యూటర్ లోపల పెట్టేది. ప్రాసెసర్ అనే చిన్న పలక పని చేసేకొద్దీ వేడెక్కుతుంది. దాని నెత్తిన పల్చటి రేకులు పేర్చిన ఒక దిమ్మె, ఆ దిమ్మెకు ఒక ఫ్యాను. దిమ్మె వేడిని పీల్చుకుంటుంది, ఫ్యాను దాన్ని బయటికి తోసేస్తుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతిలో నేను చేసిన తప్పు ఇప్పటిదాకా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

మాది తిరుపతి. పెళ్లిళ్లకు లైవ్ పెట్టడం మా పని. మా ఆయన, ఇంకో ఇద్దరు కెమెరాలు పట్టుకుంటారు. నేను మండపంలో ఒక మూల బల్ల వేసుకుని, మూడు కెమెరాల బొమ్మల్లో ఏ క్షణాన ఏది చూపాలో ఎంచి నెట్లోకి పంపుతాను. పెళ్లికి రాలేని చుట్టాలు ఎక్కడున్నా ఫోన్లో చూసుకుంటారు. ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. నాకది నచ్చదు. నా పెద్ద పెట్టెను నేనే విడిభాగాలు తెచ్చి బిగించుకున్నాను. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నాకు ముక్కు మీదే కోపం.

ఆ పెట్టె వైశాఖంలో నా పరువు తీసింది. చిత్తూరులో ఒక పెళ్లి. స్టేజీ పక్కన ఏసీ లేదు, ఎదురుగా హోమం, బయట నిప్పులు చెరిగే ఎండ. ప్రాసెసర్‌తో పాటు ఊరికే వచ్చిన చిన్న కూలర్ గిలగిలా కొట్టుకుని చేతులెత్తేసింది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కంప్యూటర్ ఆరిపోయింది. మళ్లీ వెలిగి లైవ్ మొదలయ్యేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. పెళ్లివాళ్లు మీదికొస్తే "నెట్‌వర్క్ పోయిందండీ" అన్నాను. మా పనిలో ఉన్నవాళ్లందరం తప్పును నెట్‌వర్క్ మీదికి నెట్టేస్తాం. అదొచ్చి కాదనదు కదా.

అది జరిగిన వారానికి ఒక ఫోన్ వచ్చింది. రేణిగుంటలో గోడౌన్లకు లారీ తోలే మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, శ్రీసిటీలో ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆ అమ్మాయి పెళ్లికి లైవ్ మేమే ఒప్పుకున్నాం. అయితే ఆయన మాట్లాడుతున్నది వేలూరులో ఆసుపత్రి మంచం మీది నుంచి.

"అమ్మా, గుండెకు ఆపరేషన్ చేసినారు. పెండ్లికి పంపేది లేదంటా ఉండారు డాక్టర్లు. ముహూర్తం మార్చుకుందామంటే మూఢం వస్తాది, మళ్లీ ఎన్ని నెలలకో. నా తమ్ముడు, మరదలు కన్యాదానం చేస్తారు. పెండ్లి ఆపొద్దని నేనే చెప్పినా. నువ్వు చూపిస్తేనే నేను సూసేది."

"చూపిస్తాలేన్నా. ఇదీ ఒక పనా?"

"అంతా అక్కర్లేదమ్మా. తాళి కట్టేది ఒక్కటి సూస్తే సాలు. ఎనిమిదేండ్ల పిల్లను నా చేతిలో పెట్టి పోయిందామె. ఆ ఒక్కటి సూస్తే ఆమెకిచ్చిన మాట నిలబెట్టినట్లు."

"నాదీ పూచీ" అన్నాను. చిత్తూరులో ఆరిపోయిన తెర కళ్ల ముందే ఉంది.

కొత్త కూలర్ కొనాలని అప్పుడే తేల్చుకున్నాను. బస్టాండు వైపు మాకు అలవాటైన కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. ఆ దుకాణదారు నిదానస్తుడు, ఏదడిగినా ముందు పది ప్రశ్నలు వేసి గానీ వస్తువు బయటికి తీయడు. ఆ రోజు నాకు ఆ నిదానం భరించలేకుండా ఉంది.

నా ముందు మూడు పెట్టాడు. మొదటిది పొట్టిది, నా పాతదానికి అక్కలాంటిది. రెండోది నిలువు దిమ్మె, పక్కన ఒక ఫ్యాను. మూడోది కూడా నిలువు దిమ్మే కానీ ఇంకా పొడుగు, ఇంకా లావు, రాగి గొట్టాలు ఆరు, ఫ్యాను కూడా పెద్దది. నీళ్లతో చల్లబరిచే రకం చూపబోతే నేనే వద్దన్నాను. ప్రతి వారం వ్యాన్లో ఊళ్లు తిరిగే పెట్టెలో నీళ్ల గొట్టాలు నమ్మలేను.

"నీ పనికి నడిమిది సాలక్కా" అన్నాడు. "పెద్దది నీ క్యాబినెట్లో పట్టదేమో. లోపల ఎంత ఎత్తుండాది?"

"కొలుచుకునే వచ్చినా. పెట్టె వెడల్పు ఇరవై సెంటీమీటర్లు. ఇది పదహారున్నర. ఇంకా మిగుల్తాది."

"బయట కొలత కాదక్కా. బోర్డు బిగించే రేకు, బోర్డు, దాని మీద ప్రాసెసర్, ఇవన్నీ తీసేయాల. ప్రాసెసర్ నెత్తి మీద నుంచి పక్కమూత దాకా ఎంతుండాదో అదే లెక్క. ఇంటికి పోయి మళ్లా ఒకసారి కొలిసి ఫోన్ చెయ్యి, తీసి పెడతా."

వినాల్సిన మాట. కానీ నా పెట్టెను నాకే కొలవడం నేర్పుతున్నాడని ఒళ్లు మండింది. అసలు సంగతి అది కూడా కాదు. నాకు భయం. భయపడిన మనిషి ఎప్పుడూ పెద్దదే కొంటుంది. "పెద్దదే కట్టు" అన్నాను.

ఇంట్లో పాత కూలర్ పీకి, ప్రాసెసర్ వేడి దిమ్మెకు అందేలా పూసిన పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, నాలుగు స్క్రూలు మూలకు మూల మార్చుకుంటూ బిగించాను. దిమ్మె నిటారుగా, ఠీవిగా కూర్చుంది. పక్కమూత తెచ్చి పెట్టబోయాను. పడలేదు. రాగి గొట్టాల చివర్లు వేలెడు ఎత్తున బయటికి వచ్చి ఉన్నాయి.

మా ఆయన గడపలో నిలబడి అంతా చూస్తున్నాడు.

"పట్టలేదా?"

"పట్టింది. మూతే పడలేదు."

"దుకాణం ఇంకా తెరిసే ఉంటాది. పోయి నడిమిది తెచ్చుకో. మార్సియ్యనంటాడా ఆయప్ప?"

ఆ మాట దుకాణదారు ముందు నిలబడి నేను చెప్పుకోవాలి. నీ కొలతే కరెక్టప్పా అనాలి. "మూత లేకపోతే ఇంకా గాలి ఆడతాది" అన్నాను. కంప్యూటర్ వెలిగించి మూడు కెమెరాల పాత బొమ్మలు ఒకేసారి నడిపించి రెండు గంటలు వదిలేశాను. పాత కూలర్‌తో తొంభై డిగ్రీలు దాటే వేడి అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఆయనకు తెర చూపించాను. నేను గెలిచాననుకున్నాను.

దిమ్మె బరువుకు బోర్డు వంగుతుందని దారిలో పెట్టెను పడుకోబెట్టే తీసుకుపోవాల్సి వచ్చింది. మండపంలో కూడా అలాగే బల్ల మీద పడుకోబెడదామనుకున్నాను. మూత లేని వైపు పైకి, దిమ్మె నిలువుగా. వేడి నేరుగా పైకి పోతుంది. అందులో నాకు లాభమే కనిపించింది.

పెళ్లి పుత్తూరులో. మండపంలో జనం కిక్కిరిసి ఉన్నారు. మాట్లాడటానికైతే ఫోన్ సిగ్నల్ ఉంది గానీ బొమ్మ పంపడానికి చాలదు. నాకు మాత్రం మండపం వాళ్ల కేబుల్ నెట్ ఇచ్చారు. ఆ కేబుల్ స్టేజీ మెట్ల పక్కదాకానే వచ్చింది. బల్ల అక్కడే వేసుకున్నాను. వేలూరులో ఆయన పక్కన ఆయన అక్క ఉంది. వార్డులో ఫోన్ చూడటానికి నర్సును బతిమాలి కొంతసేపు ఒప్పించుకున్నారట. "కనపడతా ఉండాదమ్మా, బాగుండాది" అని ఆమె చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. తెర మూలన వేడి అంకె డెబ్బై నాలుగు. హోమం పొగ మొహానికి కొడుతున్నా అంకె కదలలేదు. దుకాణదారుకు వీడియో తీసి పంపాలనిపించింది కూడా.

జీలకర్ర బెల్లం పెట్టే వేళ అయింది. మేళం జోరందుకుంది. జనం లేచి నిలబడ్డారు.

నేను కొన్ని వందల పెళ్లిళ్లలో స్టేజీ పక్కన కూర్చున్నాను. ప్రతి పెళ్లిలోనూ వెనక వరసల వాళ్లు విసిరే అక్షింతల్లో సగం పెళ్లికూతురిదాకా పోవు. అవి పడేది మా మీదే. నా నెత్తిన, కీబోర్డు మీద, పెట్టె మూత మీద చిటపటా పడి జారిపోతాయి. ఇంటికొచ్చి దులుపుకుంటాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాటి గురించి ఆలోచించలేదు. మూత ఉన్నంతకాలం ఆలోచించాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు అవి పళ్లెంలో పోసినట్టు తెరిచిన పెట్టెలో పడ్డాయి.

ముందు టకటకమని చప్పుడు వచ్చింది. మేళంలో తాళమనుకున్నాను. మేళం తగ్గినా ఆ చప్పుడు తగ్గలేదు. వంగి చూస్తే దిమ్మె రేకుల మధ్య పచ్చగా బియ్యపు గింజలు. నెయ్యి, పసుపు తడితో ఎక్కడివక్కడ అతుక్కున్నాయి. ఫ్యాను రెక్కకూ దాని చట్రానికీ మధ్య గింజలు చిక్కుకుని రెక్క ఈడ్చుకుంటూ తిరుగుతోంది. నేను చూస్తుండగానే ఆగిపోయింది.

డెబ్బై తొమ్మిది. ఎనభై మూడు.

వంద దగ్గర కంప్యూటర్ తనంతట తనే ఆరిపోతుంది. ఆరితే మళ్లీ నాలుగు నిమిషాలు. అయ్యవారు అప్పటికే తాళిబొట్టున్న పళ్లేన్ని పెద్దల చేత తాకించి రమ్మని పంపారు. ఆ పళ్లెం మండపమంతా తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. నాలుగు నిమిషాలు పట్టొచ్చు, పది పట్టొచ్చు. ఇప్పుడే నేనే ఆపి గింజలు తీసి మళ్లీ వెలిగిద్దామా? పళ్లెం నాకంటే ముందొస్తే? కాసేపు ఆపండి స్వామీ అని అడుగుదామా? నా ఫ్యాను కోసం ముహూర్తం ఎవరాపుతారు?

ఎనభై తొమ్మిది.

జడలో పిన్ను ఉంది. ఇనుప పిన్ను బోర్డుకు తగిలితే ఆ క్షణమే అంతా అయిపోతుంది. వెనక్కి చూస్తే స్టేజీ అలంకరణకు కట్టిన కొబ్బరాకులు. ఒక ఆకు లాగి, చీల్చి, ఈనె తీశాను. ఎవరో ముసలామె "శుభమా అని పెండ్లి జరుగుతా ఉంటే పందిరాకు పీకుతావేమ్మా" అని కసిరింది. నేను తలెత్తలేదు. ఈనెతో ఒక గింజ తీశాను. ఫ్యాను అరచుట్టు తిరిగి మళ్లీ పట్టేసింది. ఇంకొకటి ఉంది, లోపలెక్కడో.

తొంభై ఐదు. తెర మీద బొమ్మ ఆగి, కదిలి, మళ్లీ ఆగింది. వేలూరులో ఆయనకూ అలాగే ఆగి ఉంటుంది.

బరువు దించాలి. పూల అంచు, పేర్లు, అక్షరాలు అన్నీ తీసేశాను. రెండు కెమెరాలు ఆపేశాను. బొమ్మ నాణ్యత సగానికి తగ్గించాను. చెవి మైకులో మా ఆయన్ని పిలిచాను.

"కెమెరా పెండ్లికూతురి మొహం మీద పెట్టు. మొహమూ, మెడా. పక్కకి తిప్పొద్దు."

"ఏమైంది? నీ గొంతేంది అట్లుండాది?"

"అడగొద్దు. మిగతా రెండూ లేవు. నువ్వొక్కడివే ఉండావు."

తెర మీద ఆ అమ్మాయి మొహం నిండుగా వచ్చి నిలిచింది. తొంభై ఏడు దాకా పోయిన అంకె అక్కడే ఊగిసలాడింది. ఆ క్షణంలో ఒకటి ఒప్పుకోవాలి, ఫ్యాను లేకపోయినా అంతసేపు కంప్యూటర్ను నిలబెట్టింది ఆ పెద్ద దిమ్మే. దాన్ని కొన్న నన్ను మాత్రం ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఈనె మళ్లీ లోపలికి పోనిచ్చాను. దిమ్మె వేడికి వేళ్లు చుర్రుమంటున్నాయి. చట్రం అడుగున గింజ తగిలింది. తోశాను. రాలేదు. ఇంకోవైపు నుంచి తోశాను. ఊడింది. ఫ్యాను రయ్యిమని తిరిగింది.

అదే క్షణంలో అయ్యవారు చెయ్యెత్తారు. గట్టిమేళం మొదలైంది.

మండపం మొత్తం లేచింది. ప్రతి పిడికిట్లోనూ అక్షింతలు. ఇప్పుడు ఇంకో గుప్పెడు పడితే నేను చేయగలిగింది ఏమీ లేదు. పెట్టె మీద గుడ్డ కప్పితే వేడికి ఊపిరాడక ఆరిపోతుంది. మా ఆయన అక్కడ తాళి చూపిస్తూ కదలకుండా నిలబడి ఉన్నాడు. నేను లేచి బల్ల మీదికి వంగి, రెండు చేతులూ అటూ ఇటూ ఊని, నా వీపును దానికి పైకప్పు చేశాను.

అక్షింతలు నా వీపు మీద, మెడ మీద, జడలో పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. వేడి గాలి నా మొహానికి కొడుతోంది. కళ్ల ముందు ఆ ఫ్యాను తప్ప ఏమీ లేదు. తెర కనపడదు, స్టేజీ కనపడదు. మూడు ముళ్లు ఎప్పుడు పడ్డాయో తెలియదు. ఆగొద్దు, ఆగొద్దు అని ఫ్యానును బతిమాలాను. ఆ తల్లికి ఇచ్చిన మాట అనుకున్నాను. ఆమె నాకేమవుతుందో తెలియదు, ఆమెనే తలుచుకున్నాను.

మేళం నెమ్మదించాక లేచాను. ఎనభై నాలుగు. తెర వెలుగుతోంది. అమ్మాయి మెడలో పసుపుతాడు ఉంది.

కానీ వేలూరులో బొమ్మ ఆగిందో లేదో నాకు తెలియదు. అక్కడ ఆగితే ఇక్కడ వెలుగుతున్నా లాభం లేదు. నేను ఫోన్ చేద్దామంటే చేతులు రాలేదు. తలంబ్రాలు మొదలయ్యాయి. నేను మా ఆయన కండువా అడిగి తీసుకుని పెట్టె పైన గొడుగులా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. జనం నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

"చూసినాడమ్మా" అంది ఆయన అక్క. "ఏడుస్తా ఉండాడు. ఏడవగూడదని నర్సమ్మ తిడతా ఉండాది."

కండువా పట్టుకునే నేనూ ఏడ్చాను.

మర్నాడే పోయి దుకాణదారు ముందు నిలబడి నడిమి కూలర్ అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు, పొడుగుదేమైందని మాత్రం అడిగాడు. "ఎత్తెక్కువైందప్పా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి చాలా ఆలస్యం చేశాననిపించింది. ఇంటికొచ్చి కొత్తది బిగించి మూత పెడితే టక్కుమని పడింది. పెద్దదాన్ని కడగాలనిపించలేదు. రేకుల్లో చిక్కిన గింజలతోనే అటక మీద కాదు, నాకు రోజూ కనపడేలా బల్ల పైన అరలో పెట్టాను. మళ్లీ ఎప్పుడైనా పొగరు వస్తే చూసుకోవడానికి.

రెండు నెలలకు ఆ తండ్రి మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మెల్లగా, మెట్టుకో మెట్టు చొప్పున ఎక్కాడు. పక్కన చెయ్యి పట్టుకుని కూతురు. బత్తాయిలు తెచ్చారు, నిజానికి నేనే ఆయనకు తీసుకెళ్లి ఇవ్వాల్సింది. కూర్చుని నీళ్లు తాగి, చాలాసేపు పెళ్లి గురించే మాట్లాడాడు.

"అందరి లైవుల్లో ఈడ కొంచెం ఆడ కొంచెం చూపిస్తారమ్మా. నువ్వు నా బిడ్డ మొహం తప్ప ఇంకేం చూపియ్యలా. నా కోసమే కదా?"

మా ఆయన నా వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తున్నాడు.

"మధ్యలో ఒకసారి బొమ్మ నిలిచిపోయింది. నాకు ప్రాణం పోయినంత పనయింది. ఏమైందమ్మా అప్పుడు?"

నెట్‌వర్క్ అన్నా అని నోటిదాకా వచ్చింది. ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ మాట బయటికి రాలేదు.

"నా తప్పన్నా" అన్నాను. కూలర్ సంగతి, వేలెడు ఎత్తు సంగతి, మూత సంగతి, అక్షింతల సంగతి, అంతా చెప్పాను. చెప్తుంటే మొహం కాలిపోయింది. "కొంచెంలో నీకు కనపడకుండా పోయేది. నా పంతానికి."

తిట్టి పోతాడనుకున్నాను.

"ఆ వస్తువు ఉండాదా?"

అరలోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. బరువుకు చెయ్యి కిందికి దిగింది. రేకుల మధ్యకు చూశాడు. తర్వాత దాన్ని తలకిందులు చేసి అరచేతిలో తట్టాడు. నాలుగు గింజలు రాలాయి. పసుపు వెలిసిపోయి దుమ్ము పట్టి ఉన్నాయి. దుమ్మును నోటితో ఊది, వాటిని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అందరూ ఏసినారు. నేనే ఏయలేదు" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "వంగు" అన్నాడు.

ఆ అమ్మాయి మా ఇంటి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. ఆయన ఆ నాలుగు గింజలూ ఆమె నెత్తిన వేసి చెయ్యి అక్కడే ఉంచాడు. ఆ పెళ్లిలో నేను కళ్లారా చూసింది అదొక్కటే.